అమూల్ 55% డార్క్ చాక్లెట్‌తో ఇంట్లో గనాష్ కప్పులు: బాగా కుదిరాయి

పోయిన నెల పాప పుట్టినరోజుకి వేరే కంపెనీ డార్క్ కాంపౌండ్ (చాక్లెట్‌లా వాడే దిమ్మ) కొని గనాష్ (వేడి క్రీమ్‌లో చాక్లెట్ కరిగించి చేసే మెత్తటి ముద్ద) చేస్తే, తిన్న ప్రతిసారీ అంగిట్లో మైనం పూసినట్టు అంటుకుపోయింది. ప్యాకెట్ వెనక చూస్తే అందులో కోకో బటర్ లేదు, వనస్పతి లాంటి కొవ్వే. అందుకే ఈసారి అమూల్ 55% బార్ (అంటే కోకో 55 శాతం ఉన్నది) తెచ్చాను, 150 గ్రాములది.

సన్నగా తరిగి గిన్నెలో వేశాను. 200 మిల్లీలీటర్ల అమూల్ ఫ్రెష్ క్రీమ్ సన్న సెగ మీద పెట్టి, అంచుల్లో చిన్న చిన్న బుడగలు రాగానే దించేసి, మరగనివ్వకుండా (ఇందులో కొవ్వు 25 శాతమే కాబట్టి మరిగితే విరిగిపోవచ్చు) చాక్లెట్ మీద పోసి మూడు నిమిషాలు ముట్టుకోకుండా వదిలేశాను. తర్వాత మధ్యలోంచి మెల్లగా తిప్పుతుంటే ముందు చారలు చారలుగా ఉండి, ఒక్కసారిగా అద్దంలా నిగనిగలాడుతుంది, అది చూడటానికే ఇంకోసారి చేయాలనిపిస్తుంది. చిటికెడు ఉప్పు, అర చెంచా ఇన్‌స్టంట్ కాఫీ పొడి తప్పకుండా వేయండి, చాక్లెట్ రుచి ఇంకా లోతుగా తెలుస్తుంది. చక్కెర అసలు అక్కర్లేదు.

నూనె తేలితే టెన్షన్ పడకండి, రెండు చెంచాల గోరువెచ్చని పాలు పోసి గట్టిగా గిలకొడితే చాలాసార్లు మళ్లీ కలుస్తుంది.

నాలుగు గంటలు ఫ్రిజ్‌లో పెడితే చెంచా దిగేంత మెత్తగా గడ్డకట్టింది. చిన్న కప్పులే పెట్టండి, ఎక్కువ తినలేరు. ఘాటైన చేదు ఇష్టపడేవాళ్లకి మాత్రం 55% కాస్త తీపిగానే అనిపిస్తుంది, వాళ్లు 75% బార్ సగం కలుపుకోవచ్చు. నేనైతే కాంపౌండ్ మళ్లీ కొనను.