పైన్ రిడ్జ్‌లో ఒకటిన్నర రోజు

అమెరికాలోని మినియాపొలిస్ నుంచి సౌత్ డకోటాలోని రాపిడ్ సిటీకి తొమ్మిది గంటల డ్రైవ్. ఆగస్టు మొదట్లో మాత్రం వెళ్లకండి, పక్కనే స్టర్జిస్‌లో మోటార్‌సైకిల్ ర్యాలీ ఉంటుంది, ఏసీ సరిగ్గా పనిచేయని గదికి మా దగ్గర రెట్టింపు తీసుకున్నారు.

నలుగురు అమెరికా అధ్యక్షుల ముఖాలు కొండకు చెక్కిన రష్‌మోర్‌కి గంట చాలు. ఆ కొండలు 1868 ఒప్పందంలో లకోటాలనే ఆదివాసీ తెగకు, వాళ్ల బంధు తెగలకు అమెరికా ప్రభుత్వం రాసిచ్చినవే, బంగారం దొరికాక 1877లో లాగేసుకుంది. 1980లో సుప్రీంకోర్టు పరిహారం ఇవ్వాలని చెప్పినా, మాకు నేలే కావాలని వాళ్లు ఆ డబ్బు ముట్టుకోలేదు. ఇది తెలిశాక ఆ రాతి ముఖాల ముందు నాకు ఫోటో దిగబుద్ధి కాలేదు.

మర్నాడు పైన్ రిడ్జ్ రిజర్వేషన్, అంటే లకోటాలకు కేటాయించిన ప్రాంతం. దారిలో కిలీ రేడియో (90.1) పెట్టుకోండి, లకోటా మాట చెవిన పడుతుంది. మనలాగే క్రియ వాక్యం చివర వస్తుంది, క-ఖ లాంటి తేడా కూడా ఉంది.

నాకు బాగా నచ్చింది రెడ్ క్లౌడ్ హెరిటేజ్ సెంటర్. వేసవిలో వెళ్తే అక్కడి చిత్రకళా ప్రదర్శన తప్పకుండా చూడండి. అక్కడ ఒక పెద్దావిడ ఓపిగ్గా వరసలు చెప్పారు: నాన్న అన్నదమ్ములు కూడా 'అతే' (నాన్న), అమ్మ అక్కచెల్లెళ్లు కూడా 'ఇనా' (అమ్మ), మేనమామకు మాత్రం 'లెక్షీ' అని వేరే మాట. పెదనాన్న, పిన్ని అని పిలుస్తూ పెరిగిన మాకు ఇది వెంటనే అర్థమైంది. 'హావ్' అని పలకరించేది మగవాళ్లేనట, ఆడవాళ్లు 'హాన్' అంటారు. బోర్డింగ్ బడుల కాలంలో ఈ మాట మాట్లాడినందుకు పిల్లల్ని శిక్షించేవారు, 1888లో మిషనరీలు పెట్టిన అక్కడి బడిలోనే ఇప్పుడు చిన్నపిల్లలకు లకోటాలో పాఠాలు చెబుతున్నారని విని చాలా సంతోషమేసింది.

వూండెడ్ నీ దగ్గర పెద్ద ఏర్పాట్లేమీ ఆశించకండి. 1890 డిసెంబర్ 29న అమెరికా సైన్యం చంపిన లకోటాలను పూడ్చిన గుట్ట అది, పిల్లలతో వెళ్తే ముందే చెప్పి తీసుకెళ్లండి. మనుషుల్ని అడగకుండా ఫోటోలు తీయొద్దు. అక్కడ పూసల కమ్మలు అమ్మేవాళ్లు కనిపిస్తే బేరమాడకుండా కొనండి.

రాత్రికి తెగ నడిపే ప్రెయిరీ విండ్ కాసినో హోటల్లో ఉన్నాం, గది శుభ్రంగా ఉంది. రిజర్వేషన్‌లో బస దొరికే చోట్లు తక్కువ, ముందే ఫోన్ చేసుకోండి. పెట్రోల్ నింపుకుని బయల్దేరండి, సిగ్నల్ చాలాచోట్ల పోతుంది. శాకాహారులకు ఫ్రై బ్రెడ్, పళ్లతో చేసే వోజాపీ తప్ప పెద్దగా ఏమీ దొరకదు, మేం పులిహోర కట్టుకెళ్లాం.

కైల్‌లోని ఓగ్లాలా లకోటా కాలేజీలో వాళ్ల చరిత్ర చెప్పే కేంద్రం ఉంది, టైం చాలక చూడలేకపోయాం. మీరు రష్‌మోర్‌లో ఎక్కువసేపు ఉండకుండా అక్కడికి వెళ్లండి.