సంగీత లిపి రాసి వినిపించే మ్యూజ్‌స్కోర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక వాయిద్యం అణిగిపోతోందా? మిక్సర్ పెంచాలా, డైనమిక్స్ (మెల్లగా, గట్టిగా అని చెప్పే గుర్తులు) మార్చాలా?

ముందు ఎఫ్10 నొక్కి మిక్సర్‌లో మ్యూట్, సోలో చూడండి. ఒక వాయిద్యానికి సోలో నొక్కి ఉంటే మిగతావి మూగబోతాయి.

శ్రమ: ఫేడర్ (మిక్సర్‌లో వాయిద్యం శబ్దాన్ని పెంచే, తగ్గించే మీట) ఒక్కసారి జరిపితే స్కోర్ మొత్తానికీ చాలు. డైనమిక్స్ చోటుచోటునా పెట్టాలి.

ఫలితం: ఫేడర్ శబ్దాన్ని పెంచుతుంది, అంతే. డైనమిక్స్ వెలాసిటీని, అంటే స్వరాన్ని ఎంత గట్టిగా వాయించాలో చెప్పే అంకెను మారుస్తుంది. మ్యూజ్‌స్కోర్ 3లో మెల్లగా అనే ‘పి’కి 49, ఓ మాదిరి గట్టిగా అనే ‘ఎంఎఫ్’కి 80, గట్టిగా అనే ‘ఎఫ్’కి 96, గరిష్ఠం 127. మంచి సౌండ్‌ఫాంట్ (వాయిద్యాల నాదాలు ఉండే ఫైలు) ఉంటే ట్రంపెట్ నాదమే పదునెక్కుతుంది.

ప్రమాదం: ఫేడర్లన్నీ పైకి తోస్తే శబ్దం పగులుతుంది, మిగతావాటిని తగ్గించడమే మేలు. వినడం కోసమని డైనమిక్స్ పెంచితే అదే అచ్చులోకీ వెళ్తుంది, వాయించేవాళ్లు నిజంగానే గట్టిగా వాయిస్తారు. ఈ పొరపాటు అస్సలు చేయొద్దు.

వయొలిన్ల కింద ఫ్లూట్ మొదటినుంచీ వినబడకపోతే ఫేడర్. ఎనిమిదో బార్ నుంచే తగ్గితే డైనమిక్స్: అక్కడ పెట్టిన ‘పి’ తర్వాతి గుర్తు వచ్చేదాకా సాగుతూనే ఉంటుంది.