నాలుగు తరాల స్విఫ్ట్: ముందు సీటు మాట, వెనక సీటు మాట

మారుతి సుజుకి స్విఫ్ట్ నాలుగు తరాలూ మా ఇంట్లోనో, దగ్గరి బంధువుల ఇళ్లలోనో తిరిగినవే. నాలుగింటి స్టీరింగూ పట్టుకున్నాను, నాలుగింటి వెనక సీట్లోనూ మోకాళ్లు సర్దుకుని కూర్చున్నాను. అందుకే ఈ బండి గురించి అడిగితే నాలో ఇద్దరు ఒకేసారి మాట్లాడతారు: నడిపేవాడొకడు, వెనక కూర్చునేవాడొకడు. వాళ్లిద్దరికీ ఎప్పుడూ పడదు. ఇరవై ఏళ్లలో స్విఫ్ట్ ఎటు ప్రయాణించిందంటే, మొదట్లో నడిపేవాడికి ధారాళంగా ఇచ్చినదాన్ని తరం మారినప్పుడల్లా కాస్త కాస్త వెనక్కి తీసుకుని, మిగిలిన నలుగురికీ పంచుతూ వచ్చింది.

2005 మే నెలలో ఇది వచ్చేనాటికి మన చిన్నకార్లలో చాలా బండ్లు శాంత్రో, వ్యాగన్ ఆర్ తరహావి. ఎత్తుగా, నిటారుగా, ఎక్కి దిగడానికి సుఖంగా ఉండేవి. స్విఫ్ట్ ఆ లెక్కకు లొంగలేదు. చక్రాల్ని నాలుగు మూలలకూ నెట్టేశారు. ముందు అద్దం పక్కలకు తిరిగినట్టు కనిపించేలా కప్పును మోసే స్తంభాలకు నల్లరంగు వేశారు. పొడవు 3,695 మిల్లీమీటర్లే అయినా రోడ్డు మీద గట్టిగా నిలబడ్డట్టు కనిపించేది. మారుతి పాత సెడాన్ ఎస్టీమ్‌లో పేరు తెచ్చుకున్న ఇంజన్ల కుటుంబానికే చెందిన 1.3 లీటర్ల పెట్రోలు ఇంజను 87 హార్స్‌పవర్ ఇచ్చేది. మలుపులో స్టీరింగు ఎంత తిప్పితే బండి అంతే తిరిగేది, అటూ ఇటూ ఊగేది కాదు. దానికి తగ్గట్టే సస్పెన్షన్ గట్టిది, ప్రతి గతుకూ నడుముకు తెలిసేది. వెనక తలుపు దగ్గర కిటికీ అంచు పైకి లేచి ఉండటంతో అమ్మ ఎక్కిన ప్రతిసారీ, "ఇందులో కూర్చుంటే ఊరు దాటామో లేదో కూడా తెలియదురా" అనేది. ఆవిడ ముందు సీట్లో కూర్చుని చూడలేదు కాబట్టి ఆ అభిప్రాయం చివరిదాకా మారలేదు.

2007 జనవరిలో డీజిల్ వచ్చాక కథ మారింది. ఫియట్ రూపొందించిన 1,248 సీసీ మల్టీజెట్ ఇంజను అది. 75 హార్స్‌పవర్, 190 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం. హార్స్‌పవర్ అంకె పెట్రోలుకన్నా తక్కువే, కానీ ఎక్కితే అలా అనిపించదు. ఇంజను నిమిషానికి రెండువేల చుట్లు (ఆర్పీఎం) అందుకునేదాకా ఏమీ జరగదు. బండి బద్ధకంగా కదులుతుంది, వెనక లారీవాడు హారన్ మోగిస్తాడు. ఆర్పీఎం ముల్లు రెండువేలు దాటగానే ఇంజనులోకి అదనపు గాలిని తోసే టర్బో అందుకుంటుంది, అక్కడి నుంచి ఒక్క ఊపులో తోసుకుపోతుంది. ఈ జాప్యాన్ని చాలామంది తిట్టుకున్నారు. నాకు మాత్రం అదే బండి స్వభావం. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు మలుపు రాకముందే రెండో గేరులోకి దించి, ముల్లు ఎక్కడ ఉందో చూసుకుని, టర్బో ఊపు సరిగ్గా మలుపు దాటే చోట అందేలా లెక్కవేసుకోవడంలో ఒక పనితనం ఉంది. లెక్క తప్పితే మొదటి గేరుకు దిగాల్సిందే. హైవే మీద నాలుగో గేరులో లారీని దాటడానికి ఎప్పుడూ రెండోసారి ఆలోచించనక్కర్లేదు. మైలేజీ కూడా బాగుండటంతో ఊళ్ల మధ్య తిరిగే ఉద్యోగులూ, టాక్సీలవాళ్లూ దీనివైపు మొగ్గారు. ఇదే ఇంజను టాటా, ఫియట్ కార్లలోనూ, మారుతివే అయిన రిట్జ్, డిజైర్‌లలోనూ నడిచింది. అయినా బరువు తక్కువ స్విఫ్ట్‌లో దాని పికప్పే వేరు.

పెట్రోలు ఇంజను విషయంలో పన్నులది పెద్ద పాత్ర. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోలు లేదా 1,500 సీసీ లోపు డీజిల్ ఉన్న కార్లకు ఎక్సైజు సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. డీజిల్ స్విఫ్ట్ ఆ గీత లోపలే ఉంది. 1.3 లీటర్ల పెట్రోలు గీత అవతల పడింది. 2010లో దాని స్థానంలో 1,197 సీసీ కె-సిరీస్ ఇంజను వచ్చింది. పొగ కాలుష్యాన్ని కట్టడి చేసే బీఎస్-4 నిబంధనలూ అప్పుడే వచ్చాయి కాబట్టి కారణం ఒక్క పన్నే అనలేం. కానీ గీతకు మూడు సీసీల ఇవతల ఆగిన ఇంజను యాదృచ్ఛికం కాదని చెప్పడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. దీనికే వేరుగా డిక్కీ తగిలించిన సోదరి డిజైర్‌ది ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 2008లో 4,160 మిల్లీమీటర్లతో వచ్చినదాన్ని 2012లో డిక్కీ కోసి 3,995కు కుదించారు. మన చిన్నకార్ల ఆకారాన్ని గీసిన చేతుల్లో ఆర్థిక శాఖది కూడా ఒకటి.

2011 ఆగస్టులో రెండో తరం వచ్చింది. ఎదురుగా వస్తుంటే పాతదో కొత్తదో వెంటనే పోల్చుకోలేం. అంతగా ముఖం కాపాడుకున్నారు. పొడవు 3,850కి పెరిగింది, రెండు ఇరుసుల మధ్య దూరం 2,430కి చేరింది. లోపల ప్లాస్టిక్ నాణ్యత పెరిగింది, డీజిల్ చప్పుడు తగ్గింది, గతుకుల మీద నడుము కాస్త ఊపిరి పీల్చుకుంది. ఇంత పెంచినవాళ్లు డిక్కీని మాత్రం 232 లీటర్ల నుంచి 204కు ఎందుకు తగ్గనిచ్చారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. రెండు పెద్ద సూట్‌కేసులు పెడితే మూడోది ఒళ్లో పెట్టుకోవాల్సిందే. అదే ఏడాది స్విఫ్ట్ తయారయ్యే మానేసర్ కర్మాగారంలో కార్మిక వివాదాలు నడవడంతో బుక్ చేసినవాళ్లు నెలల తరబడి ఎదురుచూశారు. అయినా క్యూ తగ్గలేదు.

ఈ తరం డీజిల్ నేను ఎక్కువ కాలం నడిపిన స్విఫ్ట్. దూరప్రయాణానికి ఇంత తృప్తినిచ్చిన చిన్నకారు నాకు మరొకటి తగల్లేదు. సంతోషానికి ఒక మచ్చ మాత్రం ఉంది. 2014 నవంబరులో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఎయిర్‌బ్యాగులు లేని మామూలు వేరియంట్‌ను ఢీకొట్టి పరీక్షించి, పెద్దల రక్షణలో సున్నా నక్షత్రాలు ఇచ్చింది. షోరూముల్లో అప్పట్లో ఎయిర్‌బ్యాగు ఊసెత్తితే ఖరీదైన వేరియంట్ చూపించేవారు. కొనేవాళ్లమూ మ్యూజిక్ సిస్టమ్ గురించి అడిగినంత గట్టిగా దాని గురించి అడిగేవాళ్లం కాదు.

2018 ఫిబ్రవరి ఆటో ఎక్స్‌పోలో వచ్చిన మూడో తరంతో అసలు మలుపు. హార్టెక్ట్ అనే కొత్త నిర్మాణం వల్ల బరువు బాగా తగ్గి, చవక పెట్రోలు వేరియంట్ 855 కిలోలకు దిగింది. వెడల్పు పెరిగింది, డిక్కీ 268 లీటర్లయింది, వెనక మోకాళ్లకు చోటు దొరికింది. రెండు ఎయిర్‌బ్యాగులు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ అన్ని వేరియంట్లలోనూ ఇచ్చారు. వెనక తలుపు పిడిని మాత్రం కిటికీ పక్కన స్తంభంలో దాచారు. రెండు తలుపుల కారులా కనిపించాలన్న సరదా అది. చిన్నపిల్లలకు అందదు, కొత్తగా ఎక్కేవాళ్లకు కనిపించదు. పెళ్లికి వెళ్లిన ప్రతిచోటా ఎవరో ఒకరు తలుపు తడుముతూ నిలబడితే నేను దిగి తీయాల్సి వచ్చేది.

బరువు తగ్గడం ఊళ్లో వరం. పెట్రోలు బండి చలాకీగా కదులుతుంది, తిప్పడం తేలిక. ఎక్స్‌ప్రెస్‌వే మీద వేగం పెరిగాక మాత్రం పక్కగాలికీ, దాటిపోయే బస్సులకూ బండి స్పందించడం తెలుస్తుంది. పాత డీజిల్‌లో ఉన్న దిట్టతనం నాకు ఇందులో కనిపించలేదు. అదే ఏడాది గ్లోబల్ ఎన్‌క్యాప్ దీనికి రెండు నక్షత్రాలు ఇస్తూ బాడీ నిర్మాణం స్థిరంగా లేదని చెప్పింది. 2022లో మరింత కఠినమైన పద్ధతిలో పరీక్షిస్తే ఒక్క నక్షత్రమే వచ్చింది. ట్యాంకు కూడా 42 లీటర్ల నుంచి 37కు తగ్గింది. క్లచ్ పెడల్ లేకుండా వాటంతటవే మారే ఏజీఎస్ గేర్లు ఈ తరంలోనే వచ్చాయి. గేరు మారే క్షణంలో తల చిన్నగా ముందుకు ఊగుతుంది. ఆ క్షణంలో యాక్సిలరేటర్ మీద కాలు కాస్త సడలిస్తే ఊపు తెలియదు. ఈ కిటుకు పట్టుబడినవాళ్లు ట్రాఫిక్‌లో మళ్లీ క్లచ్ తొక్కడానికి ఇష్టపడరు.

2020 ఏప్రిల్‌లో ఇంకా కఠినమైన బీఎస్-6 నిబంధనలతో డీజిల్ వెళ్లిపోయింది. మరుసటి ఏడాది వచ్చిన 90 హార్స్‌పవర్ డ్యూయల్‌జెట్ పెట్రోలు ఇంజను ఆ లోటును చాలావరకు తీర్చింది. నాలుగు సిలిండర్ల నునుపు, తేలికైన బాడీ, పాత పెట్రోలుకన్నా మెరుగైన మైలేజీ. నడిపేవాడి కోసం తయారైన చివరి స్విఫ్ట్ ఇదేనని నా నమ్మకం.

2024 మే నెలలో వచ్చిన నాలుగో తరంలో సిలిండర్లు మూడే. జడ్-సిరీస్ 1.2 లీటర్ల ఇంజను, దాదాపు 82 హార్స్‌పవర్. కంపెనీ చెప్పే మైలేజీ మాన్యువల్ గేర్ల బండికి లీటరుకు 24.80 కిలోమీటర్లు. ముందుదానికి 23.20 అని చెప్పేవారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మూడు సిలిండర్ల వణుకు పెడల్స్‌లో సన్నగా తెలుస్తుంది. తక్కువ వేగంలో మూడో గేరుతోనే వీధులన్నీ తిరగొచ్చు, అది దీని గొప్ప సుగుణం. హైవే మీద గట్టిగా తొక్కితే చప్పుడు పెరిగినంతగా వేగం పెరగదు. డ్యూయల్‌జెట్ నడిపి దీనిలోకి మారితే నిట్టూర్పు తప్పదు.

కానీ వెనక కూర్చునేవాడికి ఇదే అన్నిటికన్నా మంచి స్విఫ్ట్. అన్ని వేరియంట్లలోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి జారకుండా అదుపుచేసే ఈఎస్పీ, వెనక మధ్యలో కూర్చునేవారికి కూడా మూడు చోట్ల బిగిసే బెల్టు. పై వేరియంట్లలో వెనకకు ఏసీ గాలి నేరుగా వస్తుంది. తలుపు పిడి మళ్లీ తలుపు మీదికే చేరింది. డిక్కీ 265 లీటర్లు. 2024లో కొత్త డిజైర్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్ పెద్దల రక్షణలో ఐదు నక్షత్రాలు ఇచ్చింది. రెండూ దగ్గరి బంధువులే అయినా ఆ నక్షత్రాలను స్విఫ్ట్ ఖాతాలో వేసుకోకూడదు. పరీక్షించింది దాన్ని, దీన్ని కాదు.

సీఎన్‌జీ కూడా ఉంది, కిలోకు 32.85 కిలోమీటర్లని చెబుతున్నారు. రోజువారీ తిరుగుడు బాగా ఉన్నవాళ్లకు లాభమే. గ్యాస్ సిలిండరు డిక్కీని మింగేస్తుంది, సామానుతో ప్రయాణాలు చేసే కుటుంబానికి కుదరదు.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్నకార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పెట్రోలు కార్లకు షరతు మళ్లీ పాతదే: 1,200 సీసీ, నాలుగు మీటర్లు. 3,860 మిల్లీమీటర్ల స్విఫ్ట్‌కు అందులో 140 మిల్లీమీటర్ల వెసులుబాటు ఇంకా మిగిలి ఉంది. అది వచ్చే తరంలో డిక్కీకి దక్కుతుందా, బంపరుకు దక్కుతుందా చూడాలి.

ఇప్పుడు కొనాలనుకునేవారికి నా సలహా ఇది. ఇంట్లో పెద్దవాళ్లో, పిల్లలో ఉంటే వెనక్కి చూడకుండా కొత్తది తీసుకోండి. ఎక్కువగా ఒంటరిగా నడిపేవారైతే, నడపడం ఇష్టమైతే, 2021 తర్వాతి డ్యూయల్‌జెట్ మాన్యువల్ సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి. దాని నక్షత్రాల లెక్క తెలిసే కొనండి. డీజిల్ మోజు వదలనివాళ్లు రెండో తరం బండి చూసేటప్పుడు సర్వీసు రికార్డు పూర్తిగా అడగండి. చల్లారిన ఇంజనును మీ ముందే స్టార్ట్ చేయించండి. రెండో గేరులో చిన్న ఎత్తు ఎక్కించి, టర్బో ఒకేసారి శుభ్రంగా అందుకుంటోందా, ఆగి ఆగి అందుకుంటోందా గమనించండి. మీటరు చూపించే కిలోమీటర్లకన్నా అదే నమ్మకమైన సాక్ష్యం.