కేయూ క్రాస్‌రోడ్స్ దగ్గర థీసిస్ టైపింగ్, బైండింగ్ షాపు

కాకతీయ యూనివర్సిటీలో థీసిస్ సబ్మిట్ చేయబోయేవాళ్లకు, ముఖ్యంగా తెలుగులో రాసినవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. హన్మకొండలో కేయూ క్రాస్‌రోడ్స్ నుంచి లోపలికి పోయే ఒక సందులో ఉంటుంది ఈ షాపు. పేరు లేదు. రేకు బోర్డు మీద ‘తెలుగు టైపింగ్, బైండింగ్’ అని మాత్రమే ఉంటుంది.

నా థీసిస్ వరంగల్ కొత్తవాడ జంపఖానాల నేతలో వాడే మాటల మీద. జూనియర్ కాలేజీలో ఉద్యోగం ఉంది, లెక్చరర్ల అర్హత పరీక్ష సెట్ పాసయ్యావు, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 2023 నుంచి అదే చాలు, ఇంకా పీహెచ్‌డీ ఎందుకని చాలామంది అడిగారు. ఉద్యోగం కోసం కాదు. ఒకరోజు మా పాప అటక మీది ఇనుప పనిముట్టు ఒకటి పట్టుకొచ్చి ‘ఇదేందమ్మా’ అంది. చెక్క పిడి, వంకర పళ్లు. ‘దువ్వెనలాంటిది, పేక పోగులు, అంటే అడ్డం దారాలు, దగ్గరికి పడేటట్టు దీంతో కొడతారు’ అన్నాను. పక్క గదిలో పడుకున్న మా బాపు, అంటే నాన్న, ‘పంజా’ అన్నాడు. ఆ ఒక్క మాటే. ఆ చప్పుడు మధ్యనే పెరిగిన నాకు దాని పేరు నోటికి రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత వచ్చిన పీహెచ్‌డీ నోటిఫికేషన్‌కే అప్లై చేశాను. భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు చేనేత మాటలతో 1971లో తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం చేతిలో పట్టుకుని, బాపునూ ఆయన తోటివాళ్లనూ అడుగుతూ నాలుగేళ్లు తిరిగాను.

ఇక టైపింగ్. మొదట వేరేచోట ఇస్తే ‘అను’ అనే పాత రకం ఫాంట్లలో కొట్టిచ్చారు. కాపీ ఉందేమో చూసే ప్లేజియరిజం చెకింగ్ కోసం, అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులన్నీ చెల్లాచెదురయ్యాయి. గడువు నెల కూడా లేదు, ఒకటే టెన్షన్. అప్పుడు నా తోటి స్కాలర్ ఈ పెద్దాయన దగ్గరికి పంపింది. ఆయన నేరుగా యూనికోడ్‌లోనే కొడతారు. అంతకన్నా ముఖ్యం, చదువుతూ కొడతారు. మూడోరోజు ఫోన్ చేశారు.

‘బిడ్డా, ఒక పేజీల జంపఖానా, ఇంకో పేజీల జంఖానా అని ఉన్నది. ఏది ఖాయం చెయ్యాలె?’

‘రెండూ ఉండాలి సార్. ఎవరు ఎట్లా పలికితే అట్లా రాశాను.’

‘అయితే నేను ముట్టుకోను.’

ముట్టుకోలేదు. అంతకుముందు నా మాటల్ని ‘సరిచేసి’ పెట్టినవాళ్లను చూశాను కాబట్టి ఇది నాకు ఎంత పెద్ద సంగతో చెప్పలేను.

నా దగ్గర పేజీకి 30 రూపాయలు, రెక్సిన్ బైండింగ్‌కు కాపీకి 350 తీసుకున్నారు. తొందర ఉన్నవాళ్లు మాత్రం ఆలోచించుకోండి: ఒక్కరే మనిషి, సబ్మిషన్ల రోజుల్లో వారం పడుతుంది, మధ్యాహ్నం పూట ఫోన్ ఎత్తరు. అట్ట మీది బంగారు అక్షరాలు ఒక కాపీలో కొంచెం పక్కకు జరిగాయి. చూపిస్తే మళ్లీ చేసిచ్చారు, పైసలు అడగలేదు.

బైండింగ్ జిగురుతో సరిపెట్టరు, దారంతో కుడతారు. ఐదు కాపీలు కావాలంటే ఆరు చేయించాను. ఆరోది బాపు ఒళ్లో పెట్టాను. ఆయన పేజీలు తిప్పలేదు. పుస్తకం వీపు దగ్గర వేలు పెట్టి దారం తడిమి చూసి, ‘కుట్టు గట్టిగున్నది’ అన్నాడు.