తోలు లేని మృదంగం: కుడివైపు భేష్, ఎడమవైపు ఇంకా వెలితి

జంతువుల నుంచి వచ్చేవేవీ వాడకూడదని పాలు, తేనె కూడా మానేసినవాళ్లకు మృదంగం దగ్గర పెద్ద చిక్కొస్తుంది. కట్టెకు, అంటే మృదంగం గుల్లకు, పనస సరిపోతుంది గానీ మూతలకు ఆవు, మేక, గేదె చర్మాలు, బిగించడానికి తోలు వార్లు కావాలి. ఫైబర్‌గ్లాస్ కట్టె, పాలియెస్టర్ ఫిల్మ్ (పల్చటి ప్లాస్టిక్ పొర) మూతలు, బోల్టులతో వచ్చే సింథటిక్ మృదంగం ఆ చిక్కు తీరుస్తుంది.

కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. బోల్టులున్నంత మాత్రాన తోలు లేనట్టు కాదు. వార్లు మాత్రమే తీసేసి, మూతలు చర్మంతోనే కట్టినవీ దొరుకుతాయి. అంచు దగ్గర వేలితో తడిమి చూడండి: చర్మం రంగు ఒకే తీరుగా ఉండదు, సన్నటి రోమకూపాల మచ్చలు కనిపిస్తాయి.

కుడి మూత మమ్మల్ని మెప్పించింది. మృదంగానికి శ్రుతి పలికే గుణం ప్రధానంగా కరణి వల్ల వస్తుంది. మధ్యలో ఆ నల్లటి పూత బరువే మూత కంపనాలను హార్మోనిక్ వరుసలోకి, అంటే ఒక మూల స్వరానికి రెట్లుగా ఉండే వరుసలోకి, తెస్తుందని సి.వి. రామన్ 1920లోనే రాశారు. పూత మందం కుదిరితే ఫిల్మ్ మీద కూడా ధీం, చాపు వంటి దెబ్బలు శ్రుతిలో నిలుస్తాయి. నాదం తోలు కంటే కాస్త పదునుగా ఉంటుంది. వానాకాలంలో చర్మం చెమ్మ పీల్చి శ్రుతి దిగిపోతుంది, దీనికి ఆ బాధ లేదు.

శ్రుతి చేసేటప్పుడు బోల్టులను వరసగా తిప్పకండి. ఒకటి, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది, ఇలా జతలుగా పావు చుట్టు చొప్పున బిగించండి. ప్రతి బోల్టు పక్కన 'నం' అనే దెబ్బ వాయించి నాదం ఆరిపోయేదాకా వినండి. నాదం అలలా ఊగుతుంటే బిగువు అన్నిచోట్లా సమంగా లేనట్టే. శ్రుతి దిగిన చోట బోల్టును కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకేచోట బలవంతం చేస్తే ఫిల్మ్ సాగి ముడత పడుతుంది, ఆ ముడత మళ్లీ పోదు.

ఎడమవైపే అసలు లోటు. తోలు మూత మీద తడి రవ్వ ముద్ద పట్టుకుంటుంది, బరువు మనకు కావలసినంత పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఫిల్మ్ నీళ్లు పీల్చదు కాబట్టి ముద్ద ఆరగానే ఊడిపోతుంది. అందుకే దానికి శాశ్వతమైన పూత వేసి ఇస్తారు, మార్చుకునే వీలుండదు. గుమికీకి, అంటే ఎడమ మూత మీద పలికించే జారుడు నాదానికి, మణికట్టు దగ్గరి అరచేతి భాగాన్ని జారించినప్పుడు నున్నటి ఫిల్మ్ పట్టునివ్వదు, చెమట పడితే మరీను. కాస్త టాల్కం పౌడరు రాస్తే పని జరుగుతుంది గానీ తోలు మీద వినిపించే ఆ మూలుగు పూర్తిగా రాదు.

రోజూ సాధకానికి, ప్రయాణాలకు, ఆరుబయట కచేరీలకు ధైర్యంగా తీసుకోండి. నిండు విలంబకాలంలో (బాగా నెమ్మది నడకలో) ఎడమచేతి మీదే ఆధారపడి వాయించేవారు మాత్రం కొనేముందు ఎడమ మూతను అరగంట వాయించి చూడాలి.