కేజీహెచ్ డౌన్‌లోని ఒక రక్తపరీక్షల కేంద్రం: జ్వరానికి వెళ్ళండి, ప్యాకేజీకి వద్దు

విశాఖపట్నంలో కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) దగ్గరి రోడ్డు కేజీహెచ్ డౌన్ పొడవునా ఉన్న రక్తపరీక్షల కేంద్రాల్లో ఒకదానికి ఈ వర్షాకాలంలో మా ఇంటి నుంచి మూడుసార్లు వెళ్ళవలసి వచ్చింది. ఒకే కప్పు కింద రెండు రకాల అనుభవం ఎదురైంది కనుక, పేరు చెప్పకుండా, ఆ కేంద్రం ఏ పనికి మంచిదో ఏ పనికి కాదో రాస్తున్నాను. డిగ్రీ కళాశాలలో చాలాకాలం జీవరసాయన శాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి రిపోర్టులోని అంకెల వెనుక ఉన్న పదార్థం గురించి కూడా కొంత చెప్పక తప్పదు. మేము చేయించిన పరీక్షల్లో ఎక్కువ భాగం వెతికినవి గ్లైకోప్రోటీన్లనే, అంటే చక్కెర గొలుసులు తగిలించుకున్న ప్రోటీన్లనే.

మొదటిసారి వెళ్ళింది మా అబ్బాయి జ్వరానికి. కౌంటరులోని అమ్మాయి పేరు, వయసు రాసుకోకముందే అడిగిన ప్రశ్న, "జ్వరం వచ్చి ఎన్నో రోజండీ?" అని. రెండో రోజు అనగానే డెంగీ ఎన్ఎస్1 పరీక్ష రాసుకుని, ఐజీఎం ఇప్పుడు చేయించినా తేలదని, నాలుగైదు రోజులు పోయాక అవసరమైతే రమ్మని చెప్పింది. ఆమె చెప్పింది సరైన మాట. ఎన్ఎస్1 అనేది డెంగీ వైరస్ సోకిన కణాలు రక్తంలోకి విడిచే గ్లైకోప్రోటీన్. జ్వరం మొదటి రోజు నుంచే దొరికి, సుమారు వారం తిరిగేసరికి చాలామందిలో కనబడకుండా పోతుంది. ఐజీఎం మన శరీరం తయారుచేసుకునే యాంటీబాడీ కనుక దానికి వ్యవధి కావాలి. ఎన్ఎస్1 జబ్బును పట్టించడమే కాక జబ్బు ముదరడంలో చేయి కూడా వేస్తుంది: రక్తనాళాల లోపలి గోడకు పూతలా ఉండే పొరను, అదీ చాలావరకు చక్కెర గొలుసులున్న ప్రోటీన్లతో అల్లుకున్నదే, దెబ్బతీసి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, కారిపోవడానికి దారితీస్తుందని ప్రయోగశాలల్లో తేలింది. ఈ కేంద్రంవారు చిటికెలో తేల్చే కార్డు పరీక్షతో సరిపెట్టక, ల్యాబులో యంత్రంతో కొలిచే ఎలైజా చేసి, ఆ పద్ధతి పేరును రిపోర్టులో అచ్చువేసి, సాయంత్రానికల్లా వాట్సాప్‌లో పంపించారు.

అదే రోజు మా ముందు వరుసలో, పాడేరు నుంచి మూడు నెలల షుగరు పరీక్షకు వచ్చిన ఒక పెద్దాయనను సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఉందా అని అడగడం కూడా విన్నాను. ఆ మూడు నెలల పరీక్ష కొలిచే హెచ్‌బీఏ1సీలో చక్కెర ఎంజైము ప్రమేయం లేకుండా దానంతట అదే హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది కనుక దాన్ని అసలు గ్లైకోప్రోటీన్ల లెక్కలో వేయరు. సికిల్ సెల్ జబ్బులో ఎర్రకణాలు త్వరగా చనిపోవడం వల్ల ఆ అంకె ఉన్నదానికంటే తక్కువగా రావచ్చు. ఏజెన్సీ నుంచి వచ్చేవారిని ఈ మాట అడిగే కేంద్రాలు నాకు ఎక్కువగా తగల్లేదు.

ఇంత జాగ్రత్త చూశాను కనుకనే రెండోసారి జరిగినది మింగుడుపడలేదు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా ఆడపడుచుకు 46 ఏళ్ళు. థైరాయిడ్ పరీక్షకని వెళ్తే, పక్క కౌంటరులో 2,800 రూపాయల మహిళా ప్యాకేజీ అంటగట్టారు. అందులో కేన్సర్ సూచికలుగా చూసే సీఏ 125, సీఏ 19-9, ఏఎఫ్‌పీ ఉన్నాయి. సీఏ 125కు మామూలుగా తీసుకునే హద్దు 35. ఆవిడకు 48 వచ్చింది. రిపోర్టులో ఆ అంకెను ఎర్రటి అక్షరాల్లో వేసి, కింద అండాశయ కేన్సర్ అన్న మాట ఉంచారు. ఆవిడ పది రోజులు అన్నం సరిగా తినలేదు. చివరికి స్కానింగులో తేలింది గర్భాశయంలో ఫైబ్రాయిడ్లు, అంటే కేన్సర్ కాని గడ్డలు మాత్రమే. పైగా రక్తం ఇచ్చిన రోజు నెలసరి రెండో రోజు. 1981లో రాబర్ట్ బాస్ట్ బృందం తయారుచేసిన యాంటీబాడీ ద్వారా బయటపడిన ఈ గ్లైకోప్రోటీన్ నెలసరిలో, గర్భంలో, ఫైబ్రాయిడ్లలో, ఎండోమెట్రియోసిస్‌లో, మన దేశంలో ఎక్కువగా చూసే పొట్ట క్షయలో కూడా పెరుగుతుంది. అండాశయ కేన్సర్‌కు చికిత్స పొందుతున్నవారిలో మందు పనిచేస్తున్నదా లేదా అని చూడడానికి అది ఎంతో విలువైనది. ఏ లక్షణమూ లేనివారిని జల్లెడపట్టడానికి వాడితే ఏమవుతుందో బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా మహిళలతో ఏళ్ళ తరబడి పరీక్షించి, ఆ కేన్సర్ మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదని 2021లో ప్రకటించారు.

సీఏ 19-9 సంగతి ఇంకా విచిత్రం. అది ఒక చక్కెర గొలుసు ఆకారం. లూయిస్ రక్తవర్గపు జన్యువు పనిచేయని వారు, అంటే జనాభాలో సుమారు 5 నుంచి 10 శాతం మంది, దాన్ని తయారుచేయలేరు. అటువంటివారికి కేన్సర్ ఉన్నా రిపోర్టు నిక్షేపంగా ఉందనే చెబుతుంది. జ్వరానికి ఎన్నో రోజు అని అడిగినవారు నెలసరి ఎప్పుడు అని ఎందుకు అడగలేదని మేనేజరును నిలదీస్తే, ప్యాకేజీలు హెడ్డాఫీసు నుంచి వస్తాయని జవాబిచ్చారు. డబ్బు వెనక్కి ఇవ్వలేదు.

మూడోసారి వెళ్ళింది 72 ఏళ్ళ మా అత్తగారికి టీకా వేయించడానికి. ఊళ్ళో సర్పి అని పిలిచే షింగిల్స్ జబ్బుకు వచ్చిన షింగ్రిక్స్ టీకాలో ఉండేది ఆ వైరస్ పైపొర మీది గ్లైకోప్రోటీన్ ఇ ఒక్కటే. చిట్టెలుక జాతి జంతువు కణాల్లో దాన్ని పెంచి, రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే మిశ్రమంతో కలిపి ఇస్తారు. బతికున్న వైరస్ లేదు కనుక రోగనిరోధక శక్తి తగ్గినవారికీ ఇవ్వవచ్చు. హైదరాబాదులోని బయలాజికల్ ఇ సంస్థ ఈస్టులో కోర్బెవాక్స్ తయారుచేసినప్పుడు కూడా కరోనా వైరస్ స్పైక్ గ్లైకోప్రోటీన్‌లో కణానికి అతుక్కునే ముక్కనే ఎంచుకున్నారు. నర్సు సీసా మీది గడువు తేదీ చూపించి, ఫ్రిజ్ థర్మామీటరులో 4 డిగ్రీలు ఉన్నట్టు మాతో చదివించి, ఒకటి రెండు రోజులు చేయి నొప్పి, కొద్దిపాటి జ్వరం ఉండవచ్చని ముందే చెప్పింది. ధర మాత్రం మధ్యతరగతి ఇంటికి భారమే.

రెండో డోసు రెండు నెలల తరువాత, ఆరు నెలల లోపల వేయించాలి. దానికి మళ్ళీ అక్కడికే వెళ్తాం. ఉదయం ఏడు లోపల వెళ్తే కారు ఆపుకోవడానికి చోటు దొరుకుతుంది, ఎనిమిది దాటితే ఆసుపత్రి రద్దీతో ఆ రోడ్డు మీద కాలు పెట్టలేరు.