‘పుట్ ఆఫ్’ వెతికితే లాంగ్‌మన్ ఆన్‌లైన్ డిక్షనరీ ఏం చూపిస్తుంది, ఏం చూపించదు

పోటీ పరీక్షల గైడ్లలో ‘పుట్ ఆఫ్’ ఎదురుగా సాధారణంగా ఒకే మాట ఉంటుంది: పోస్ట్‌పోన్. బిట్ పేపరుకు అది చాలు. ‘ద స్మెల్ పుట్ మీ ఆఫ్’ అన్న వాక్యం ఎదురైతే మాత్రం ఆ ఒక్క మాటతో పని జరగదు. వాసన మనిషిని ఎలా వాయిదా వేస్తుంది? ఇలాంటి చోట ముందుగా తెరవాల్సింది లాంగ్‌మన్ డిక్షనరీ ఆఫ్ కాంటెంపరరీ ఇంగ్లిష్ వెబ్‌సైటు. 1978లో తొలిసారి అచ్చయిన ఈ నిఘంటువు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితం. వివరణలు దాదాపు 2,000 తేలిక మాటలతోనే రాయాలన్న పద్ధతి పెట్టుకున్నారు కాబట్టి, అర్థం చూడబోయి ఆ అర్థానికి మళ్ళీ అర్థం వెతుక్కునే బాధ తక్కువ. తెలుగు మీడియంలో చదివినవారికి ఫ్రేజల్ వర్బ్‌ల (క్రియకు ‘ఆఫ్’ లాంటి చిన్న మాట చేరి కొత్త అర్థమిచ్చే జంటల) కోసం మొదట చెప్పదగ్గది ఇదే.

వెతికేటప్పుడు ‘పుట్’ ఒక్కటే కొట్టకండి. అలా కొడితే చాంతాడంత పేజీ వస్తుంది, ఫ్రేజల్ వర్బ్‌లన్నీ దాని అడుగున ఉంటాయి. ఫోన్‌లో అంత దూరం జరుపుకుంటూ వెళ్ళేసరికి విసుగొస్తుంది. మధ్యలో ఖాళీ వదిలి రెండు మాటలూ కలిపి కొడితే నేరుగా అక్కడికే చేరతారు.

పేజీ తెరవగానే అందరూ అర్థం మీదికి వెళ్ళిపోతారు. తప్పు అక్కడే మొదలవుతుంది. శీర్షికలో ‘సమ్‌బడీ’ (మనిషి), ‘సమ్‌థింగ్’ (వస్తువు, పని) రెండూ కలిపే ఉంటాయి కాబట్టి, ఒక్కో ఉదాహరణలో ఉన్నది ఏదో చూడాలి. ఈ క్రియకు తాళంచెవి అదే. తెలుగులో ప్రశ్న వేసుకుంటే ఇంకా తేలిక. ‘దేన్ని?’ అంటే జవాబు వచ్చిందా, అది వాయిదా వేయడం: మీటింగును, పెళ్ళిని, ప్రయాణాన్ని. ‘ఎవర్ని?’ అంటే జవాబు వచ్చిందా, ఇక వాయిదా అన్న మాట చాలా చోట్ల అతకదు. ధర చూసి కొనబోయినవాడు వెనక్కి తగ్గితే ధర అతన్ని ‘పుట్ ఆఫ్’ చేసింది, అంటే మనసు విరిచేసింది. బాకీ అడగడానికి వచ్చినవాణ్ణి రేపు రా, మాపు రా అని తిప్పుకోవడం ఇంకో అర్థం. లెక్క చేసుకుంటున్నవాడి పక్కన కూర్చుని పెన్ను టకటకలాడిస్తే అతని ధ్యాస చెడుతుంది, అదీ ‘పుట్ ఆఫ్’ చేయడమే. బస్సులోంచో కారులోంచో ఫలానా చోట దించడం కూడా ఉంది. ఒకే ఇంగ్లిషు జంటకు మనకు ఐదు వేర్వేరు క్రియలు కావాలి. ఇది వింతేమీ కాదు. ‘కొట్టిపారేశాడు’ అన్నప్పుడు అక్కడ కొట్టిందీ లేదు, పారేసిందీ లేదు. విడి మాటలు కలిసి కొత్త అర్థం ఇవ్వడం మనకు పుట్టుకతో తెలిసిన విద్యే.

తర్వాత చూడాల్సింది రెండు వైపులా మొనలున్న చిన్న బాణం గుర్తు. కర్మను ‘ఆఫ్’కు ముందైనా వెనకైనా పెట్టొచ్చని దాని భావం. ‘పుట్ ఆఫ్ ద మీటింగ్’ సరే, ‘పుట్ ద మీటింగ్ ఆఫ్’ కూడా సరే. ఇక్కడే ఈ డిక్షనరీ ఒక ముఖ్య విషయాన్ని బాణం వెనక దాచేస్తోంది. ఇట్, హిమ్, దెమ్ లాంటి సర్వనామాలు మధ్యలోనే రావాలి: ‘పుట్ ఇట్ ఆఫ్’. ‘పుట్ ఆఫ్ ఇట్’ తప్పు. బాణాన్ని మాత్రమే నమ్ముకున్న విద్యార్థి రెండూ ఒప్పే అనుకునే ప్రమాదం ఉంది. అర్థం పక్కనే ఒక్క వరుసలో ఈ సంగతి రాసి ఉంటే ఎంతో మేలు జరిగేది. కర్మ మరీ పొడవైతే, ఉదాహరణకు ‘వచ్చే నెల విజయవాడలో జరగాల్సిన సమావేశం’ లాంటిదైతే, దాన్ని ‘ఆఫ్’ తర్వాతే పెట్టడం మంచిది. మధ్యలో ఇరికిస్తే ‘ఆఫ్’ వచ్చేలోపు మొదలు మరిచిపోతాం.

క్రియ తర్వాత ఇంకో క్రియ వస్తే ‘డూయింగ్’ రూపం కావాలని పేజీలోనే చూపిస్తారు. ‘పుట్ ఆఫ్ గోయింగ్’ అనాలి, ‘పుట్ ఆఫ్ టు గో’ అనకూడదు. ఈ విషయంలో తెలుగే మనకు సాయం: ‘వెళ్ళడం వాయిదా వేశాడు’లో ‘డం’ ఉన్నచోట ‘ఇంగ్’ పెట్టండి. తేదీ దగ్గర మాత్రం తెలుగు మనల్ని పక్కకు లాగుతుంది. ‘సోమవారానికి’లోని ‘కి’ని చూసి ‘టు మండే’ అనేస్తారు. ‘పుట్ ఆఫ్’కు సహజంగా అతికేది ‘అంటిల్’. ఇంకో తికమక ‘కాల్ ఆఫ్’తో. పత్రికలో ‘రద్దు’ అని రాసే చోట ‘కాల్ ఆఫ్’, ‘వాయిదా’ అని రాసే చోట ‘పుట్ ఆఫ్’. లైటు ఆర్పడానికి ‘పుట్ ఆఫ్’ మన దేశంలో బాగా వాడుకలో ఉంది, చెబితే అర్థమవుతుంది. అయినా ‘టర్న్ ఆఫ్’, ‘స్విచ్ ఆఫ్’ అలవాటు చేసుకుంటే ఎక్కడైనా ఇబ్బంది ఉండదు. మంటను ఆర్పడమైతే ‘పుట్ అవుట్’.

కొన్ని అర్థాల పక్కన ‘బ్రిటిష్ ఇంగ్లిష్’ అని ఉంటుంది. అమెరికాలో ఉద్యోగం చేసే మనవాళ్ళు దీన్ని తప్పక చూసుకోవాలి. అక్కడ దించడానికి ‘డ్రాప్ ఆఫ్’, ధ్యాస చెడగొట్టడానికి ‘డిస్ట్రాక్ట్’ అంటారు. మనసు విరిచే అర్థానికీ అదే ముద్ర వేయడం మాత్రం కాస్త అతిగా ఉంది. ‘పుట్ ఆఫ్ బై’ అన్న రూపం అమెరికన్ల నోటా మామూలుగానే వినిపిస్తుంది.

చాలా ఉదాహరణల పక్కన స్పీకరు బొమ్మ ఉంటుంది. దీన్ని పట్టించుకోనివారే ఎక్కువ, ఈ సైటులో అసలు విలువ మాత్రం అందులోనే ఉంది. చదివితే మూడు మాటలుగా కనిపించే ‘పుట్ ఇట్ ఆఫ్’ వింటే దాదాపు ‘పుటిటాఫ్’ అని ఒకే మాటలా వినబడుతుంది, ఊనిక చివరి ‘ఆఫ్’ మీద పడుతుంది. మనం ‘పుట్’ను ఒత్తి పలికి ‘ఆఫ్’ను మింగేస్తాం. వాక్యాన్ని నాలుగుసార్లు విని, ఆగి, గొంతు కలిపి చెప్పండి.

పేజీ అడుగున కార్పస్ (నిజంగా వాడుకలో ఉన్న రాతల, మాటల భండారం) నుంచి తీసిన వాక్యాలు కొన్ని ఉంటాయి. ముందూ వెనకా లేకుండా విడిగా కనిపిస్తాయి కాబట్టి కొత్తగా నేర్చుకునేవారు వాటిని వదిలేయొచ్చు. ప్రకటనలు చికాకు పెడతాయి. సరిగ్గా చదువుతున్న చోటే అడ్డొస్తాయి. అన్నిటికంటే పెద్ద లోటు తెలుగు అర్థం లేకపోవడం. ఇంగ్లిషు బొత్తిగా రానివారు కేంబ్రిడ్జ్ ఉచిత డిక్షనరీతో మొదలుపెట్టడం మేలు. అది వస్తువుకు, మనిషికి వేర్వేరు శీర్షికలు పెడుతుంది, ఏ1 (తొలి మెట్టు) నుంచి సి2 (పై మెట్టు) వరకు భాషా స్థాయి గుర్తులూ ఇస్తుంది. వాక్యాలు రాయాల్సినవారికి, ముఖ్యంగా ఇంగ్లిషు టీచర్లకు, లాంగ్‌మన్‌దే పైచేయి.

నోట్‌బుక్‌లో ఎక్కించేటప్పుడు ‘పుట్ ఆఫ్ = వాయిదా’ అని రాయకండి. ‘పుట్ సమ్‌థింగ్ ఆఫ్: వాయిదా వేయడం’ ఒక వరుస, ‘పుట్ సమ్‌బడీ ఆఫ్: మనసు విరిచేయడం, తిప్పుకోవడం, ధ్యాస చెడగొట్టడం, దించడం’ ఇంకో వరుస. ఒక్కో అర్థం కింద మీ సొంత వాక్యం ఒకటి రాయండి, అందులో కనీసం ఒకచోట ‘ఇట్’ కానీ ‘హిమ్’ కానీ మధ్యలో పెట్టండి.